రసాయన చర్యలు ఎన్ని రకాలు? ఇంట్లో మన జాగ్రత్తలు ఏమిటి?

రసాయన చర్య అనగానే చాలామందికి బడిలోని ప్రయోగశాల, గాజు గొట్టాలు, రంగు నీళ్లు గుర్తుకు వస్తాయి. అదంతా చదువుకునే పిల్లలకు సంబంధించినదే గాని మనకెందుకు అనుకుంటాము. కాని పొయ్యిలో మంట రసాయన చర్య. పాలు తోడుకొని పెరుగు కావడం రసాయన చర్య. తిన్న అన్నం అరగడం, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ రక్తంలో కలవడం, డాక్టరుగారు ఇచ్చిన మాత్ర కడుపులో పనిచేయడం కూడా రసాయన చర్యలే.

మరొక సంగతి కూడా ఉంది. కంటిలో సున్నం పడిందని, కుంపటి పొగకు స్పృహ తప్పిందని, బాత్రూము కడుగుతుండగా ఊపిరాడలేదని ఆసుపత్రులకు పరుగెత్తుకొని వచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఈ ప్రమాదాలన్నింటి వెనుక ఏదో ఒక రసాయన చర్య ఉంటుంది. అది ఏ రకమైన చర్యో తెలిస్తే, దానికి ఏ జాగ్రత్త తీసుకోవాలో, ప్రమాదం జరిగినప్పుడు ఏమి చేయకూడదో తెలుస్తుంది. అందుకే ఈ పాఠం. మీ రోగి పక్కన కూర్చున్నప్పుడు దీనిని నిదానంగా చదవండి. పదవ తరగతి చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వారికి కూడా చూపించండి. వారి పుస్తకంలో ఉన్న పేర్లే ఇక్కడ కూడా కనబడతాయి.

రసాయన చర్య అంటే ఏమిటి?

మంచుగడ్డ కరిగి నీరైతే అది కొత్త పదార్థం కాదు. మళ్లీ చల్లబరిస్తే మంచుగడ్డ అవుతుంది. దీనిని భౌతిక మార్పు అంటారు. కాగితం కాలి బూడిద అయితే, ఆ బూడిదను మళ్లీ కాగితంగా మార్చలేము. పాత పదార్థాలు పోయి కొత్త ధర్మాలు గల కొత్త పదార్థాలు ఏర్పడితే దానిని రసాయన చర్య అంటారు.

రసాయన చర్య జరుగుతున్నదని తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. వేడి పుట్టడం, బుడగలు లేదా వాయువు రావడం, రంగు మారడం, కొత్త వాసన రావడం, ద్రవంలో మడ్డిలాంటి పదార్థం ఏర్పడడం. ఇంట్లో ఏవైనా రెండు పదార్థాలు కలిపినప్పుడు వీటిలో ఏదైనా కనబడితే వెంటనే చేయి ఆపాలి.

1. రసాయన సంయోగం

రెండు లేదా అంతకంటే ఎక్కువ పదార్థాలు కలిసి ఒకే కొత్త పదార్థంగా ఏర్పడితే దానిని రసాయన సంయోగం అంటారు. పొడి సున్నంలో నీళ్లు పోయడం దీనికి చక్కని ఉదాహరణ. సున్నం, నీరు కలిసి తడి సున్నం అవుతుంది. అప్పుడు సున్నం ఉడుకుతుందని, పొగలు కక్కుతుందని మన పెద్దలకు తెలుసు. ఆ వేడి నిప్పు నుండి వచ్చినది కాదు, సంయోగం నుండి వచ్చినది.

ఎముక విరిగినప్పుడు వేసే పిండికట్టులో జరిగేది కూడా ఇటువంటి చర్యే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనే పొడి నీటితో కలిసి జిప్సంగా గట్టిపడుతుంది. అందుకే కట్టు వేసిన కొద్ది నిమిషాలకు లోపల వెచ్చగా ఉన్నదని రోగి అంటాడు. భయపడవద్దు, అది సహజమే. అయితే కట్టు ఆరేవరకు దానిమీద దుప్పటి కప్పవద్దు, దిండులో కూరవద్దు. వేడి బయటకు పోవాలి. కాలిపోతున్నట్లు మంటగా ఉన్నదని రోగి చెబితే వెంటనే నర్సుకు తెలియజేయండి.

జాగ్రత్త: తాంబూలంలోకి వాడే సున్నం ట్యూబులు, పొట్లాలు పిల్లల చేతికి అందనివ్వకండి. పిల్లలు వాటిని గట్టిగా నొక్కినప్పుడు మూత ఊడి సున్నం నేరుగా కంటిలోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. క్షారం కంటి పొరలను కరిగించుకుంటూ లోపలికి పోతుంది. చూపు పోయే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు ఆముదం, చనుబాలు, నిమ్మరసం ఏవీ వేయకండి. కంటిరెప్పలు తెరచి పట్టుకొని, ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం 30 నిమిషాలు కడగండి. రెప్పల కింద సున్నపు ముక్కలు ఉంటే తడిపిన శుభ్రమైన గుడ్డ కొనతో తీయండి. ఆ తరువాత ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి. ముందు కడగడం, తరువాతే ప్రయాణం.

2. రసాయన వియోగం

సంయోగానికి వ్యతిరేకమైనది వియోగం. ఒకే పదార్థం విడిపోయి రెండు లేదా ఎక్కువ పదార్థాలు కావడం. ఇది వేడివల్ల, వెలుతురువల్ల, విద్యుత్తువల్ల జరుగుతుంది. తేమ తగిలి విడిపోయేవి కూడా ఉన్నాయి.

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసినప్పుడు తెల్లని నురగ రావడం మీరు చూసి ఉంటారు. రక్తంలోను, కణాలలోను ఉండే కాటలేజ్ అనే ఎంజైము దానిని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఇలా చర్యను వేగంగా నడిపించి తాను మాత్రం ఖర్చు కాని పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. నురగ ఎక్కువగా వస్తే క్రిములు ఎక్కువగా చచ్చాయని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మందు మానుతున్న కొత్త కణాలను కూడా దెబ్బతీస్తుంది. కాబట్టి రోజూ పుండు మీద పోయకండి. మామూలు గాయాన్ని శుభ్రమైన నీటితో, సబ్బుతో కడగడం మేలు.

మందులు పాడైపోవడం కూడా చాలావరకు వియోగమే. గుండె జబ్బు ఉన్నవారు వాడే ఆస్పిరిన్ బిళ్లలకు తేమ తగిలితే అవి సాలిసిలిక్ ఆమ్లంగా, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతాయి. ఎసిటిక్ ఆమ్లం అంటే వెనిగర్‌లో ఉండేదే. డబ్బా మూత తీయగానే పుల్లని వాసన వస్తే ఆ బిళ్లలు పనికిరావని గ్రహించండి. మందులను కిటికీ అంచున, పొయ్యి పక్కన, స్నానాల గదిలో ఉంచకండి. గోధుమరంగు సీసాలో ఇచ్చిన మందును తెల్ల సీసాలోకి మార్చకండి. వెలుతురు సోకకుండా ఉండేందుకే ఆ రంగు.

జాగ్రత్త: ఆటబొమ్మలలో, రిమోట్లలో ఉండే గుండీలాంటి చిన్న బ్యాటరీని పసిపిల్లవాడు మింగితే అది గొంతు కిందనున్న అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడిలో బ్యాటరీ విద్యుత్తు ప్రవహించి, రసాయన చర్య జరిగి, ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటలలోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. బిడ్డ ఆడుకుంటూనే ఉన్నాడని, మలంలో వస్తుందిలే అని ఆగకండి. వాంతి చేయించకండి. ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.

3. రసాయన స్థానభ్రంశం

బస్సులో కూర్చున్న బలహీనుని లేపి బలవంతుడు ఆ సీటులో కూర్చున్నట్లు, ఎక్కువ చురుకైన మూలకం తక్కువ చురుకైన మూలకాన్ని దాని సమ్మేళనం నుండి తొలగించి ఆ స్థానంలో చేరితే దానిని స్థానభ్రంశం అంటారు. మైలుతుత్తం కరిగించిన నీలి నీటిలో ఇనుప మేకు వేస్తే కొంతసేపటికి మేకు మీద ఎర్రని రాగి పూత కనబడుతుంది. ఇనుము రాగిని బయటకు నెట్టి ద్రావణంలోకి చేరింది. నీలి రంగు కూడా తగ్గిపోతుంది.

వంటింట్లో చింతపండు పులుసు, నిమ్మకాయ, పెరుగు వంటి పుల్లని పదార్థాలలో ఆమ్లాలు ఉంటాయి. అల్యూమినియం, జింకు వంటి లోహాలు ఆ ఆమ్లాలలోని హైడ్రోజన్‌ను తొలగించి తాము ఆహారంలోకి దిగుతాయి. రాగికి అంత చురుకు లేదు గాని, గాలిలోని ఆక్సిజన్ తోడైతే అది కూడా పులుపులో నెమ్మదిగా కరుగుతుంది. పూర్వం ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల కళాయి పూయించేవారు. ఆ తగరపు పూత ఆహారానికి, లోహానికి మధ్య గోడలా నిలిచేది.

జాగ్రత్త: కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పులుసు, పెరుగు, పచ్చడి, మజ్జిగ నిలువ ఉంచకండి. చిలుము పట్టిన పాత్రలో వండకండి. అటువంటి ఆహారం తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. పులుపుకు స్టీలు, పింగాణి, మట్టి, గాజు పాత్రలు మంచివి.

4. ద్వంద్వ వియోగం

రెండు సమ్మేళనాలు తమ జతలను మార్చుకొని రెండు కొత్త సమ్మేళనాలుగా ఏర్పడితే దానిని ద్వంద్వ వియోగం అంటారు. ఉప్పునీటి బావి నీళ్లలో సబ్బు నురగ రాకుండా తెల్లని తెట్టు కట్టడం దీనివల్లనే. నీటిలోని కాల్షియం సబ్బుతో జతకట్టి కరగని పదార్థం అవుతుంది. దీనివల్ల హాని లేదు, సబ్బు ఖర్చు మాత్రమే.

కాని ఇదే రకపు చర్య ప్రాణాలు తీసే సందర్భం కూడా ఉంది. ధాన్యానికి పురుగు పట్టకుండా మూటల మధ్య పెట్టే బిళ్లలలో అల్యూమినియం ఫాస్ఫైడ్ ఉంటుంది. దానికి నీరు, చివరకు గాలిలోని తేమ తగిలినా ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. వెల్లుల్లి వాసన లేక కుళ్లిన చేపల వాసన వంటిది వస్తుంది. ఆ వాయువు గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు.

జాగ్రత్త: ఆ బిళ్లలు పెట్టిన ధాన్యపు గదిలోగాని, దానిని ఆనుకొనియున్న గదిలోగాని ఎవరూ పడుకోకూడదు. పిల్లలను అసలే పడుకోబెట్టకూడదు. ఇళ్లలో ఈ బిళ్లలు వాడకపోవడమే మంచిది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, ఆయాసం వస్తే అన్నం వికటించిందని సరిపెట్టుకోకండి. అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోను చేసి, ఆ గదిలో ఏ మందు పెట్టారో డాక్టరుకు తప్పక చెప్పండి.

5. తటస్థీకరణం

ఆమ్లం, క్షారం కలిసి లవణం, నీరు ఏర్పడడాన్ని తటస్థీకరణం అంటారు. ఇది ద్వంద్వ వియోగంలో ఒక ప్రత్యేక రకం. మన జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది ఎక్కువై మంట పుట్టినప్పుడు వాడే తెల్లని ద్రవపు మందులో మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు ఉంటాయి. అవి ఆమ్లాన్ని తటస్థం చేసి ఉపశమనం ఇస్తాయి. వంట సోడా కూడా ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ వాయువే త్రేన్పుగా వస్తుంది. అయితే అందులో సోడియం ఎక్కువ. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఇక్కడ రెండు విషయాలు బాగా గుర్తుంచుకోండి.

మొదటిది: గుండెపోటు నొప్పి కూడా చాలాసార్లు గ్యాస్ నొప్పిలాగే ఉంటుంది. ఛాతీ మధ్యలో బరువు, దవడకు గాని ఎడమ చేతికి గాని పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే సోడా తాగించి కాలయాపన చేయకండి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి స్పష్టంగా లేకపోవచ్చు కూడా. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రెండవది: ఎవరైనా పొరపాటున యాసిడ్ తాగితే సోడా నీళ్లు, కాస్టిక్ సోడా మింగితే నిమ్మరసం పట్టించాలని కొందరు అనుకుంటారు. పుస్తకం ప్రకారం అది తటస్థీకరణమే. కాని ఆ చర్యలో వేడి పుడుతుంది, సోడా అయితే వాయువు కూడా పుడుతుంది. అప్పటికే కాలిన కడుపు మరింత దెబ్బతింటుంది. వాంతి చేయిస్తే అదే పదార్థం గొంతును రెండవసారి కాలుస్తుంది. నోరు పుక్కిలించి ఉమ్మించండి. మింగిన పదార్థపు సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి రండి.

6. ఆక్సీకరణం – క్షయకరణం

ఒక పదార్థానికి ఆక్సిజన్ చేరడం లేదా దాని నుండి ఎలక్ట్రానులు పోవడం ఆక్సీకరణం. ఆక్సిజన్ పోవడం లేదా ఎలక్ట్రానులు చేరడం క్షయకరణం. ఒకరు ఇస్తేనే మరొకరు పుచ్చుకోగలరు గదా! అందుకే ఈ రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి. ఇనుము తుప్పు పట్టడం, కోసిన వంకాయ నల్లబడడం, పాత నూనె కంపు కొట్టడం, మంట మండడం అన్నీ ఈ కోవకు చెందినవే.

మంటకు గాలి చాలినంత అందితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే దానితో సుమారు 200 రెట్లకు పైగా గట్టిగా సంయోగం చెందుతుంది. అప్పుడు రక్తం ఉన్నా శరీరానికి ఆక్సిజన్ అందదు.

జాగ్రత్త: బాలింత గదిలో కిటికీలు, తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు మానండి. తల్లికి తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. పసిబిడ్డ పాలు తాగక సోలిపోవచ్చు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాస్ గీజరు, ఇంటి లోపల నడిపే జనరేటరు కూడా అంతే ప్రమాదకరం. ఇటువంటి రోగికి ఆసుపత్రిలో మాస్కు ద్వారా ఎక్కువ ఆక్సిజన్ పెడతారు. వేలికి పెట్టే యంత్రంలో అంకె బాగానే ఉంది గదా, మాస్కు ఎందుకని మీరు అడగవచ్చు. మామూలుగా వాడే ఆ యంత్రం హిమోగ్లోబిన్‌కు పట్టుకున్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అని తేడా చెప్పలేదు. మామూలు గాలి పీలిస్తే ఈ విషవాయువు సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ పీలిస్తే సుమారు గంట, గంటన్నర చాలు. కాబట్టి డాక్టరు చెప్పేవరకు మాస్కు తీయకండి.

ఇంకొక జాగ్రత్త: బాత్రూము బాగా తెల్లబడుతుందని బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను కలిపి వాడకండి. ఆ రెండింటి మధ్య ఆక్సీకరణ – క్షయకరణ చర్య జరిగి క్లోరిన్ వాయువు పుడుతుంది. కళ్లు, గొంతు మండి ఊపిరాడదు. ఒకటి వాడిన వెంటనే రెండవది పోయడం కూడా కలపడమే అవుతుంది. పొరపాటున పీలిస్తే వెంటనే బయటికి రండి. దగ్గు, ఆయాసం తగ్గినట్లు అనిపించినా కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. కనుక డాక్టరుకు చూపించుకోండి.

వేడిని బట్టి మరొక విభజన

పైన చెప్పిన ఆరు రకాలు పదార్థాలు కలవడం, విడిపోవడం, ఇచ్చిపుచ్చుకోవడాన్ని బట్టి చేసిన విభజన. వేడిని బట్టి కూడా చర్యలను రెండుగా విభజిస్తారు. వేడిని బయటకు విడిచేవి ఉష్ణమోచక చర్యలు. వేడిని గ్రహించేవి ఉష్ణగ్రాహక చర్యలు. ఒకే చర్య రెండు మూడు విభాగాలలోకి రావచ్చు. సున్నంలో నీళ్లు పోయడం సంయోగమూ అవుతుంది, ఉష్ణమోచకమూ అవుతుంది. బొగ్గు మండడం సంయోగం, ఆక్సీకరణం, ఉష్ణమోచకం మూడూను. ఒకే మనిషి ఒకరికి తండ్రి, ఒకరికి తమ్ముడు అయినట్లే ఇది కూడా.

ఉష్ణమోచక చర్యలో పుట్టిన వేడి బయటకు పోకపోతే ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. దానితో ఇంకా వేడి పుడుతుంది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ నిలువచేసిన ట్యాంకులోకి నీరు చేరినప్పుడు జరిగినది ఇదే. ఆ విషవాయువుకు వేలాదిమంది చనిపోయారు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ బయటి పదార్థం ఏదీ కలవనక్కరలేకపోయింది. స్టైరీన్ అణువులు తమలో తామే గొలుసులుగా సంయోగం చెందుతూ వేడెక్కాయి. ఇటువంటి సమయంలో గాలి వీచే దిశకు అడ్డంగా నడచి దూరంగా పోవాలి. ముక్కుకు, నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఈ వాయువులు గాలికంటే బరువైనవి, పల్లంలో నిలుస్తాయి. కనుక పల్లపు చోట్లకు పోకూడదు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మా ఇంట్లో సున్నం, యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, పురుగుమందులు పిల్లలకు అందని ఎత్తులో, వేరువేరుగా ఉన్నాయా?
2. యాసిడ్‌ను గాని, కిరోసిన్‌ను గాని మంచినీళ్ల సీసాలో పోసి ఉంచామా? ఉంచితే ఈరోజే తీసివేయండి.
3. మందుల డబ్బా ఎండ, తేమ తగలని చోట ఉన్నదా?
4. కుంపటి గాని, గ్యాస్ గీజరు గాని ఉన్న గదిలో గాలి ఆడుతున్నదా?

తెలియని రెండు పదార్థాలను కలిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇవి కలిస్తే ఏమి పుడుతుంది? జవాబు తెలియకపోతే కలపకండి. ప్రమాదం జరిగితే మాత్రం ఏది, ఎంత, ఎప్పుడు తగిలినదో దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఎవరినో తప్పుపట్టడానికి కాదు, సరైన చికిత్స చేయడానికే ఆ ప్రశ్నలు అడుగుతారు. చదవడం రానివారికి ఈ పాఠాన్ని చదివి వినిపించండి. ముఖ్యంగా ఇంట్లో వంట చేసేవారికి, బాత్రూము కడిగేవారికి, పసిపిల్లలను చూసుకొనే అమ్మమ్మలకు, నాయనమ్మలకు వినిపించండి.